ఏపీ క్లాసుల బరువు ఎక్కువైందా?

అమెరికాలో హైస్కూలు పిల్లలున్న మన ఇళ్లలో ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసులు. వచ్చే ఏడాది క్లాసులు ఎంచుకునే ఫారం చాలా స్కూళ్లలో సంక్రాంతి దాటాక వస్తుంది. అందులో చేసిన పొరపాటు అక్టోబరులో గానీ బయటపడదు.

సమస్య: మార్కులు బాగానే ఉన్నాయి, కానీ రాత్రి ఒంటిగంటైనా లైటు ఆరదు

కారణం: క్లాసులు లెక్కపెట్టాం, గంటలు లెక్కపెట్టలేదు. మా అమ్మాయి పదకొండులో కెమిస్ట్రీ, యూఎస్ హిస్టరీ, ఇంగ్లిష్ లాంగ్వేజ్, కాల్క్యులస్ బీసీ తీసుకుంది. విడివిడిగా ఏదీ తన వల్ల కానిది కాదు. ల్యాబ్ రిపోర్టు, హిస్టరీ వ్యాసం, కాల్క్యులస్ టెస్టు ఒకే వారంలో పడ్డప్పుడే తెలిసింది. తప్పు నాదే. ఎంపీసీ చదివిన బుర్ర కదా, హిస్టరీ అంటే పరీక్ష ముందు రోజు బట్టీ కొట్టేదనుకున్నాను. ఇక్కడ 1491 నుంచి నేటిదాకా చదవాలి. పరీక్షలో ఏడు పత్రాలు ఇస్తారు, వాటిని ఆధారంగా చూపిస్తూ సుమారు గంటలో వ్యాసం రాయాలి.

పరిష్కారం: ఆ క్లాసు ఇప్పుడు చదువుతున్న ఇద్దరు పిల్లల్ని అడగండి, వారానికి ఇంట్లో ఎన్ని గంటలు పడుతోందని. దానికి కూచిపూడి, టెన్నిస్, దారిలో పోయే టైమూ కలపండి. ఎనిమిది గంటల నిద్ర మిగలకపోతే ఒకటి తీసేయండి. నా మటుకు నేను చెప్పేది: బాగా చదివి రాసే క్లాసులు ఏడాదికి రెండు, ల్యాబ్ సైన్సు ఒకటి, అంతకు మించొద్దు.

సమస్య: అన్నిట్లో ఏ గ్రేడు, ఒక్కదాంట్లో మాత్రం సీ

కారణం: చాలాసార్లు పునాది. ఫిజిక్స్ 1కి ఆల్జీబ్రా చాలు. ఫిజిక్స్ సీకి కాల్క్యులస్ కావాలి, కనీసం అదే ఏడాది పక్కన నడుస్తూ ఉండాలి. కాల్క్యులస్ బీసీలో ఏబీ సిలబస్ అంతా ఉంటుంది, దాని మీద సిరీస్, పోలార్ వగైరా అదనం.

పరిష్కారం: సెప్టెంబరులోనే కౌన్సెలర్‌ను కలవండి. బీసీ నుంచి ఏబీకి దిగడానికి అప్పుడైతే వీలుంటుంది. గడువు దాటాక వదిలేస్తే చాలా స్కూళ్లు ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల జాబితా) మీద డబ్ల్యూ, అంటే మధ్యలో మానేసినట్టు గుర్తు, వేస్తాయి.

సమస్య: "వాళ్లబ్బాయి పన్నెండు ఏపీలు తీసుకున్నాడట!"

కారణం: ఈ జబ్బు పిల్లలది కాదు, శనివారం పాట్‌లక్‌లో మనకు అంటుకున్నది.

పరిష్కారం: కాలేజీలకు అప్లికేషన్‌తో పాటు స్కూల్ ప్రొఫైల్ (స్కూల్లో ఏ క్లాసులున్నాయో చెప్పే పత్రం) కూడా వెళ్తుంది. మీ స్కూల్లో ఉన్నవే ఎనిమిదైతే, పన్నెండు ఎందుకు లేవని ఎవరూ అడగరు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సంగతే చూడండి: పది, పదకొండు తరగతులు కలిపి ఎనిమిది సెమిస్టర్ల ఏపీ లాంటి క్లాసులకే అదనపు పాయింటు కలిపే జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్క ఒకటుంది. పదో తరగతి నుంచి అందులోకి నాలుగు సెమిస్టర్లు మించి రావు. మొత్తం ఎనిమిది సెమిస్టర్లంటే ఏడాది పొడవు క్లాసులు నాలుగు. మిగతావి పనికిరావని కాదు, ఆ లెక్కలో మాత్రం పాయింటు పెరగదు.

సమస్య: పన్నెండో తరగతి అక్టోబరులో టెన్షన్, చిరాకు

కారణం: కాలేజీ వ్యాసాలు. ఎర్లీ అప్లికేషన్లకు చాలాచోట్ల నవంబరు 1 గడువు. టైం టేబుల్లో కనిపించకపోయినా అదొక క్లాసే.

పరిష్కారం: ఫారం నింపేటప్పుడే పన్నెండుకు ఒక ఏపీ తక్కువ పెట్టండి. అలాగని అన్నీ తేలికవి పెట్టొద్దు, సగం ఏడాది మార్కులు కూడా చాలా కాలేజీలకు వెళ్తాయి. అప్లికేషన్ పంపాక ఏదైనా క్లాసు వదలాల్సి వస్తే, ముందు కౌన్సెలర్‌తో మాట్లాడి, ఆ కాలేజీలకు కూడా రాసి తెలియజేయండి.