రోడ్ ట్రిప్‌లో చిన్న ఊరి పిజ్జా షాపు

అమెరికాలో కారేసుకుని తిరిగేటప్పుడు ప్రతిసారీ హైవే పక్కన చైన్ రెస్టారెంట్‌కే పోనక్కర్లేదు. ఊళ్ళోకి వెళ్తే మెయిన్ స్ట్రీట్‌లో ఓ చిన్న పిజ్జా షాపు చాలాసార్లు కనిపిస్తుంది. పాత కుర్చీలు, పేపర్ ప్లేట్లు చూసి వెనక్కి తిరగకండి.

ముగ్గురు నలుగురుంటే రెండు చిన్నవి కాకుండా ఒక పెద్దది చెప్పండి. 12 అంగుళాలవి రెండూ కలిపి 226 చదరపు అంగుళాలే, 18 అంగుళాలది ఒక్కటే 254. ధర కూడా మామూలుగా కలిసొస్తుంది. సగం మీకు నచ్చినట్టు, సగం పిల్లలకి నచ్చినట్టు వేయమంటే వేస్తారు.

శాకాహారులైతే ఒక మాట. పిజ్జా మీద వేసే పెపరోని అంటే సాధారణంగా పంది, గొడ్డు మాంసం కలిపి చేసింది. ఆ పిజ్జా కోసిన కట్టర్‌తోనే చాలాసార్లు మీదీ కోసేస్తారు. కడిగిన కట్టర్ వాడమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, ముక్కలయ్యాక చెప్పి లాభం లేదు.

కారానికి బల్ల మీద ఎండుమిర్చి రేకులు ఉంటాయి. అవి చాలకపోతే (మనకి చాలవు) పిజ్జా మీద హాలపీన్యోలు (ఒక రకం పచ్చిమిర్చి) వేయమనండి. అడుగు కరకరలాడాలంటే ‘వెల్ డన్’ అనండి, ఇంకాసేపు ఓవెన్‌లో ఉంచుతారు. ఇలాంటి షాపులు కొన్ని సోమవారం తెరవరు, బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి.