వేట నిషేధం రాకముందే ఐదుగురిని కూడగట్టుకోండి

మా ఆయన చేపల బోటు మీద కళాసీ, అంటే వల లాగే పనివాడు. మందు మానేశాక, విశాఖపట్నం పెదజాలరిపేటలో చాలామంది ఆడవాళ్లు నన్ను అడిగారు, ఎలా మాన్పించావని. నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదది.

మేం మొదట చేసిన తప్పు మీరు చేయకండి. అమ్మవారి మీద ఒట్టు వేయించి, ఇంట్లోనే కూర్చోబెట్టాం. మర్నాటికి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు, రాత్రికి ఫిట్స్. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చట, ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చట. కాబట్టి ముందు డాక్టరు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దారి తోచకపోతే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. గంజాయికైనా అదే నంబరు.

తర్వాత మనుషులు. మేం ఐదుగురం, తలా ఒక పని. చేపలమ్మిన డబ్బులో వాటా పంచే రోజు మా మరిది హార్బర్‌కి వెళ్లి ఆయన్ని వెంటబెట్టుకొస్తాడు. డబ్బు చేతిలో పడిన ఆ గంటే పెద్ద గండం. బోటు డ్రైవరుని నేనే అడిగాను, "అన్నా, ఒడ్డుకొచ్చాక మందుకి మా ఆయన్ని పిలవకండి" అని. నొచ్చుకుంటాడేమోనని ఎంత టెన్షన్ పడ్డానో! ఆయనే మిగతా కళాసీలకీ చెప్పాడు. పక్కింటి పిన్ని నా ఏడుపు వింటుంది. ఇంటి ఆడమనిషి కుంగిపోతే ఏదీ నిలవదు, ఈ పనికీ ఒకరిని పెట్టుకోండి. ఎప్పుడో తాగుడు మానిన పెద్దాయన ఒకరు, ఏ రాత్రి ఫోన్ చేసినా ఎత్తుతాడు. అలాంటివాళ్లు దొరక్కపోతే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు ఎక్కడ జరుగుతాయో కనుక్కోండి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరి గోడు ఒకరు వినడంతో మొదలైందది. ఫీజు లేదు, పేరు బయటపెట్టరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. పని లేదు, చేతిలో డబ్బు లేదు, పొద్దుపోదు. అప్పు చేసి తాగేది అప్పుడే. మార్చిలోనే కూర్చుని మాట్లాడుకోండి, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఆయన ఎవరి దగ్గరుంటాడని. మా ఆయన మరిదితో వలలు కడతాడు.

అంత చేసినా మొదటి ఏడాది జూన్‌లో తాగొచ్చాడు. ఆ రాత్రి ఎవరం ఏమీ అనలేదు. పొద్దున్నే పెద్దాయన టీ తాగిస్తూ అడిగాడు, "ఎక్కడ నాయనా? ఎవరితో?" పెళ్లింట్లోనట, భోజనాలయ్యాక. అప్పటినుంచి ఏ పెళ్లికైనా మాలో ఒకరం వెంట వెళ్తాం, విస్తరి ఎత్తగానే ఇంటికొచ్చేస్తాం.