ఓడదొంగల కథా గేమ్ కొనే ముందు ఆటగాళ్ల అభిప్రాయాలు ఎలా చదవాలి?

ఫోనులో ఆడే ఓడదొంగల కథా గేమ్‌లలో చాలావాటికి కదిలే బొమ్మలుండవు, ఫిరంగి మోతలూ ఉండవు. తెర మీద రెండు మూడు పేరాలు, వాటి కింద కొన్ని ఎంపికలు. ఎదురొచ్చిన వర్తక నౌకను వెంటాడతారా, స్నేహదేశపు జెండా ఎగరేసి దగ్గరికి రానిస్తారా, చీకటి పడేదాకా తప్పుకొంటారా? మీరు తాకిన దాన్ని బట్టి కథ మలుపు తిరుగుతుంది. కాబట్టి ఒకే గేమ్ కొన్న ఇద్దరు చదివేది ఒకే కథ కాదు. ఒకరు ఐదు స్టార్లు, మరొకరు ఒక్కటే ఇచ్చినా ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఏ దారిలో ఆడారో చెప్పని అభిప్రాయానికి ఇక్కడ విలువ తక్కువ.

1. ముందు అది ఏ రకం గేమో తేల్చుకోండి

మొదటి రకం, ఆడుతూ చదివే నవల. అమెరికాకు చెందిన ఛాయిస్ ఆఫ్ గేమ్స్ సంస్థ 2009 నుంచి ఇలాంటివి విడుదల చేస్తోంది. రెండోది అధ్యాయాలుగా వచ్చే బొమ్మల కథ. పిక్సెల్‌బెర్రీ సంస్థ ‘ఛాయిసెస్’ యాప్‌లోని ఓడదొంగల కథ ‘డిస్టెంట్ షోర్స్’ ఈ కోవలోనిది. మూడోది మనమే ఆజ్ఞలు టైపు చేసే పాత పద్ధతి. స్కాట్ ఆడమ్స్ తయారుచేసిన 1970ల చివరి నాటి ‘పైరేట్ అడ్వెంచర్’ రెండేసి మాటల ఆజ్ఞలతోనే నడిచేది.

అభిప్రాయం రాసిన వ్యక్తి ఒక రకం కోరుకుని మరో రకం కొంటే, ఆ నిరాశ అంతా రేటింగ్‌లోకి వస్తుంది. ‘ఛాయిస్ ఆఫ్ బ్రాడ్‌సైడ్స్’ (2010) సంగతే చూడండి. అందులో తెరచాప ఓడలూ ఫిరంగులూ ఉన్నాయి గానీ, మీరు దొంగ కాదు, నౌకాదళ అధికారి. దోచుకోవడానికి వచ్చినవాడు క్రమశిక్షణ పాటించాల్సి వస్తే చిరాకు పడతాడు. ఆ చిరాకును గేమ్ లోపంగా లెక్కించకండి.

2. సగటు రేటింగ్‌ను పక్కన పెట్టి, తాజా అభిప్రాయాలు తెరవండి

2021 నవంబరు నుంచి గూగుల్ ప్లే ఫోన్లలో చూపే రేటింగ్ ఆయా దేశంలోని వాడుకరులు ఇచ్చినదే. ఆపిల్ స్టోరులోనూ దేశానికో లెక్క ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న మీకూ డల్లాస్‌లో ఉన్న మీ చెల్లెలికీ ఒకే గేమ్‌కు వేర్వేరు అంకెలు కనబడటానికి కారణం ఇదే. పైగా ఆపిల్‌లో కొత్త వెర్షన్ విడుదల చేసేటప్పుడు తయారీదారు పాత సగటును తుడిచేసి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. అందుకే తాజావి ముందు వచ్చేలా అమర్చుకుని, రెండు, మూడు, నాలుగు స్టార్లు ఇచ్చినవాళ్లు రాసింది చదవండి. వీళ్లు సాధారణంగా కారణాలు చెబుతారు.

3. ఆ వ్యక్తి నడిచిన దారిని వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఎన్నిసార్లు ఆడారు? కనికరం ఉన్న నాయకుడిగానా, కర్కశుడిగానా? ఎవరితో స్నేహం చేశారు? చివరికి ఏమయ్యారు? ఇవేవీ లేకుండా ‘అద్భుతం’, ‘చెత్త’ అని ఊరుకున్నవాటిని దాటేయండి.

ఓడదొంగల కథకు ప్రత్యేకమైన పరీక్ష ఒకటుంది: ఓటు. 18వ శతాబ్దపు తొలి దశకాల్లో అట్లాంటిక్‌లో తిరిగిన దొంగల ఓడల మీద నాయకుణ్ణి సిబ్బందే ఎన్నుకునేవారు, నచ్చకపోతే దింపేసేవారు. బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడ నియమావళిలో మొదటిదే, ముఖ్య వ్యవహారాల్లో ప్రతి ఒక్కరికీ ఓటు. వెంటాడేటప్పుడూ పోరాడేటప్పుడూ మాత్రమే నాయకుడి మాట చెల్లేది. మిగతా వేళల్లో సిబ్బంది తరఫున నిలిచే క్వార్టర్‌మాస్టర్ అతనికి పగ్గం వేసేవాడు. మంచి రచయిత దీన్ని వదులుకోడు. దోచిన సొమ్ము పంపకంలో మీరు చేసిన అన్యాయం నాలుగు అధ్యాయాల తర్వాత తిరుగుబాటుగా ఎదురైతే, ఆ గేమ్‌లో ఎంపికలకు బరువున్నట్టే. కాబట్టి ‘సిబ్బంది’, ‘తిరుగుబాటు’, ‘ఓటు’ అన్న అర్థమిచ్చే మాటలు ఏ అభిప్రాయంలో ఉన్నాయో చూడండి. అభిప్రాయాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి కనుక ఆ భాషలోనే వెతకాలి. ఎంత నిర్దయగా ఉన్నా ఓడలో ఒక్కరూ నోరెత్తలేదని ఇద్దరు ముగ్గురు విడివిడిగా రాస్తే, నేనైతే ఆ గేమ్ కొనను.

4. ఫిర్యాదులను విడదీయండి

‘ఏది ఎంచుకున్నా అదే జరిగింది’ అన్న ఫిర్యాదు తరచుగా కనిపిస్తుంది. ఇది సగమే నిజం కావచ్చు. కథ ప్రతి మలుపులోనూ పూర్తిగా చీలిపోతే ఏ రచయితా రాసి ముగించలేరు. అందుకే దారులు విడిపోయి, ముఖ్య ఘట్టాల దగ్గర మళ్లీ కలుస్తాయి. తుపాను అందరికీ వస్తుంది. ఆ వేళ మీ పక్కన ఎవరు నిలబడ్డారన్నదే మారుతుంది. ఒక్కసారే ఆడినవారికి ఈ తేడా తెలియదు. రెండుసార్లు ఆడాక కూడా అదే ఫిర్యాదు చేస్తే నమ్మండి.

‘చాలా చిన్నది’ అన్నా ఇదే మాట. దుకాణం పేజీలో లక్షల పదాల కథ అని రాసి ఉన్నా, అది అన్ని దారులనూ కలిపిన లెక్క. ఒకసారి ఆడితే అందులో కొంత భాగమే కనిపిస్తుంది.

‘వెనక్కి వెళ్లే వీలు లేదు’ అన్నదాన్ని మాత్రం తీవ్రంగా తీసుకోండి. ఛాయిస్ ఆఫ్ గేమ్స్ తరహా గేమ్‌లలో చేసిన ఎంపికను రద్దు చేసుకునే మీట సాధారణంగా ఉండదు. తప్పు చేస్తే మొదటి నుంచి ఆడాలి. కొందరికి అదే ఉత్కంఠ, కొందరికి శిక్ష. మీరు ఎటువైపో మీకే తెలియాలి. అలాగే మీ పాత్ర ధైర్యం, చాకచక్యం, నౌకాయానం వంటి గుణాలకు అంకెలుంటాయి. కత్తిసాములో బలం పెంచుకున్నవాడు మాటలతో ఒప్పించబోతే ఓడిపోతాడు. దీన్ని అన్యాయం అన్నవారిని ఖండిస్తూ ఇతరులు రాసిన అభిప్రాయాల్లో మీకు పనికొచ్చే సలహాలు దొరుకుతాయి.

చూపులేని ఆటగాళ్ల అభిప్రాయాలు కనిపిస్తే తప్పక చదవండి. తెర చదివి వినిపించే సౌకర్యంతో ఆడేవారు అక్షరం అక్షరం వింటారు. వాక్యం ఎక్కడ కుంటిందో, ఏ మీటకు పేరు పెట్టలేదో అంత కచ్చితంగా చెప్పేవారు అరుదు.

5. డబ్బు సంగతి విడిగా చూడండి

నవల తరహా గేమ్‌లలో తొలి అధ్యాయాలు ఉచితంగా ఇచ్చి, మిగతా కథకు ఒకేసారి ధర తీసుకోవడం మామూలు. అధ్యాయాల తరహా యాప్‌లలో కథ తెరవడానికి తాళంచెవులు, కొన్ని ఎంపికలకు వజ్రాలు కావాలి. వజ్రాలను డబ్బుతో కొనవచ్చు. ‘కథ బాగుంది, కానీ మంచి ఎంపికలన్నీ డబ్బున్నవారికే’ అన్న అభిప్రాయం ఈ రెండో రకానికి చెందినది. అది రచయితపై కాదు, అమ్మకపు పద్ధతిపై తీర్పు. ఉచిత భాగం ముగిశాక కూడా కొనాలా వద్దా అన్న సందేహం మిగిలితే, గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల లోపు చాలా సందర్భాల్లో డబ్బు వెనక్కి అడగవచ్చని గుర్తుంచుకోండి.

6. చరిత్ర పేరుతో వచ్చే విమర్శలను తూచండి

ఆడవాళ్లు ఓడదొంగలుగా ఉండటం అబద్ధమని రాసేవారు కనిపిస్తారు. కానీ ఆన్ బోనీ, మేరీ రీడ్ అనే ఇద్దరు ఆడవాళ్లను ఓడదొంగలుగానే 1720లో జమైకాలో విచారించారు. ఇక కథంతా కరీబియన్‌లోనే ఎందుకు అని అడిగేవారి మాటలో న్యాయముంది. 1695లో హెన్రీ ఎవరీ అనే ఓడదొంగ కొల్లగొట్టిన గంజ్-ఇ-సవాయి మొఘలుల ఓడ. ఎర్ర సముద్రం వైపు నుంచి సూరత్‌కు తిరిగివస్తుండగా దొరికింది. అలాంటి కథ కోరుతూ ఎవరైనా రాస్తే ఆ అభిప్రాయానికి ‘ఉపయోగపడింది’ అని గుర్తు పెట్టండి.

7. ఆడాక మీరూ రాయండి

ఏ పాత్రగా ఆడారు, ఎన్నిసార్లు, ఏ అధ్యాయంలో కథ పట్టుకుంది, ఎక్కడ జారిపోయింది, ఎంత ఖర్చయింది, ఇంగ్లిషు ఎంత కష్టంగా ఉంది. ఈ చివరిది తెలుగువారికి ముఖ్యం. తెరచాపలు, తాళ్లు, కొయ్యల పేర్లతో నిండిన పేజీలు అలవాటు లేనివారిని ఆపేస్తాయి. ముగింపు బయటపెట్టకుండా ఇలా రాయవచ్చు: ‘కనికరం ఉన్న నాయకురాలిగా రెండుసార్లు ఆడాను. పంపకంలో చేసిన నిర్ణయం తర్వాత నిజంగానే ఎదురుతిరిగింది. చివరి అధ్యాయం హడావిడిగా ముగిసింది. ఓడ భాగాల పేర్లకు నిఘంటువు దగ్గర పెట్టుకోవాలి.’ గేమ్‌కు మార్పులు వచ్చాక మళ్లీ ఆడితే, కొత్తది రాయకుండా పాత అభిప్రాయాన్నే తెరిచి సవరించండి.