ప్రొజెక్టర్ హెడ్‌లైట్లు వేయించే ముందు

వానలు మొదలయ్యేలోపు కారుకి ప్రొజెక్టర్లు (లెన్సుతో వెలుగును ఒక గీత కిందే పడేలా చేసే హెడ్‌లైట్లు) వేయిద్దామనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

– కంపెనీ వైరింగ్ కోయనివ్వకండి. రిలే (బ్యాటరీ కరెంటును నేరుగా లైట్లకు పంపే స్విచ్చు), ఫ్యూజు ఉన్న విడి హార్నెస్ (వైర్ల కట్ట) అడగండి. హెచ్4 అనే మామూలు హెడ్‌లైట్ బల్బు 60/55 వాట్లకు (హై బీమ్/లో బీమ్) వేసిన తీగ మీద 100 వాట్లు పడితే హోల్డర్ కరుగుతుంది, మంటలూ రావచ్చు. కోసిన వైరు కనబడితే వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ రెండూ చిక్కులో పడతాయి.

– బిగించకముందే గోడ మీద వెలిగించి చూడండి. వెలుగు పైఅంచు గీత ఎడమవైపు పైకి లేవాలి. కుడివైపు లేచిందంటే అది ఎడమ స్టీరింగ్ దేశాల సరుకు. ఎదురుగా బైకు మీద వచ్చే మనిషికి రోడ్డే కనబడదు. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

– నీలిరంగు వెలుగు జోలికి పోకండి, వానలో రోడ్డు సరిగా కనబడదు. 4300 కెల్విన్ (వెలుగు రంగు కొలత) చాలు.

– హెడ్‌లైట్ అద్దం తిరిగి అతికించేటప్పుడు పాత సీలెంట్ (అతికించే జిగురు) పూర్తిగా తీయించండి. లేదంటే తొలి వానకే లోపల ఆవిరి.

– పాత బల్బులు, హోల్డర్లు ఇంటికి తెచ్చుకోండి.