కదలిక నేర్చుకుందాం – 4వ పాఠం: ‘గానే’ వాక్యం రాయడం

పోయిన పాఠంలో నోటుపుస్తకంలో ఎదురెదురుగా రెండు పేజీలు రాయమన్నాను. ఎడమ పేజీలో కదలడం వల్ల మీకు ఒరిగేది, కుడి పేజీలో మీకు అడ్డుపడేది. ఈపాటికి కుడి పేజీ నిండిపోయి, ఎడమ పేజీలో "ఆరోగ్యం" అన్న ఒక్క మాటే ఉండి ఉంటే కంగారు పడకండి. ఈ పాఠానికి కావలసింది కుడి పేజీయే.

మొదలుపెట్టే ముందు ఒక షరతు. మనిషి ఒక అలవాటు మార్చుకునేటప్పుడు దాటే దశలని ప్రొచాస్కా, డిక్లెమెంటె అనే మనస్తత్వవేత్తలు చెప్పినవాటి గురించి రెండో పాఠంలో మాట్లాడుకున్నాం. ‘ఈ నెలలోనే మొదలుపెడతాను’ అన్న దశలో ఉన్నవాళ్ల కోసం ఈ పాఠం. ‘ఎప్పుడో ఒకప్పుడు చేస్తే బాగుండు’ దగ్గరే ఉన్నవాళ్లు దీన్ని పక్కన పెట్టి రెండో పాఠానికే మళ్లీ వెళ్లండి. వెళ్లాలో వద్దో తేల్చుకోని మనిషికి దారి చూపించి లాభం లేదు.

అనుకోవడానికీ చెయ్యడానికీ మధ్య

1965లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ లెవెంథాల్, ఆయన సహచరులు విద్యార్థులకు ధనుర్వాతం గురించి చిన్న పుస్తకాలు పంచారు. కొందరికి ఒళ్లు జలదరించే బొమ్మలతో, ఇంకొందరికి మామూలుగా. భయపెట్టే పుస్తకం చదివినవాళ్లు టీకా వేయించుకోవాలని మరింత గట్టిగా అనుకున్నారు. అనుకోవడం వరకే. తీరా వేయించుకున్నది ఎవరని చూస్తే, రెండు పుస్తకాలకూ పెద్ద తేడా లేదు.

తేడా వేరే చోట కనిపించింది. కొందరికి పుస్తకంతో పాటు క్యాంపస్ మ్యాపు ఇచ్చారు. అందులో ఆరోగ్య కేంద్రానికి గుర్తు పెట్టారు. మీ వారం టైంటేబుల్ చూసుకుని, ఎప్పుడు వెళ్తారో, ఏ దారిన వెళ్తారో తేల్చుకోండి అన్నారు. ఇలా దారి తేల్చుకున్నవాళ్లలో 28 శాతం మంది దాకా టీకా వేయించుకున్నారు. తక్కినవాళ్లలో 3 శాతం. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో తెలియని విద్యార్థులు ఆ క్యాంపస్‌లో ఎందరుంటారు? కాబట్టి మ్యాపు కొత్త సమాచారం ఇచ్చిందని నేననుకోను. అది చేసిందల్లా, ఆ పనిని గాలిలోంచి దించి ఒక రోజుకీ ఒక దారికీ కట్టేయడం.

వ్యాయామం విషయంలో ఇదే ప్రశ్న 2002లో మిల్న్, ఆర్బెల్, షీరన్ వేసుకున్నారు. 248 మంది విద్యార్థులను మూడు గుంపులు చేశారు. రాబోయే వారంలో ఒక్కసారైనా 20 నిమిషాలు చెమట పట్టేలా వ్యాయామం చెయ్యాలి, అంతే పని. ఏమీ చెప్పని గుంపులో 38 శాతం మంది చేశారు. గుండెజబ్బుల గురించి, వ్యాయామం మేలు గురించి చదివించి ఉత్సాహపరిచిన గుంపులో 35 శాతం. అదే చదివించి, ‘ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తారో రాయండి’ అన్న గుంపులో 91 శాతం.

ఈ 91ని చూసి ఉబ్బిపోకూడదు. వాళ్లు చేశామని చెప్పిన మాటే లెక్క, పైగా అది వారం రోజుల ముచ్చట. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వ్యాయామం విషయంలో ఈ పద్ధతి ప్రభావం ఉన్నమాట నిజమే కానీ, ఇంత భారీగా లేదు. నాకు మాత్రం 91 కంటే 35 దగ్గరే ఎక్కువ ఆలోచించాలనిపిస్తుంది. ఉత్సాహపరిచే ప్రసంగాలిచ్చే వృత్తిలో ఉన్నవాళ్లం ఆ అంకెను గోడకు తగిలించుకోవాలి.

ఇలా ‘ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడివేసుకోవడానికి మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పెట్టిన పేరు ఇంప్లిమెంటేషన్ ఇంటెన్షన్. పేరు నోరు తిరగదు. అదృష్టం కొద్దీ తెలుగులో ఆ ముడి పేరు పెట్టకముందే ఉంది: ‘గానే’. రాగానే, లేవగానే, తినగానే. రెండు పనుల మధ్య సందు లేకుండా అతికించే ప్రత్యయం. అందుకే మన పాఠంలో దీని పేరు ‘గానే’ వాక్యం.

ఒక వాక్యాన్ని సాన పడదాం

మొదటి చిత్తు: "రోజూ నడవాలి."

ఇది ప్రణాళిక కాదు, గోడమీది నినాదం. ఈ వాక్యంలో మనిషి కూడా లేడు, గమనించారా? ‘నడవాలి’ అన్న క్రియ నేనుకీ, మీరుకీ, వాళ్లకీ ఒకటే. ‘నడుస్తాను’ అంటే తప్ప అందులోకి మీరు రారు.

రెండో చిత్తు: "రోజూ సాయంత్రం 6కి అరగంట నడుస్తాను."

మనిషి వచ్చాడు, టైము వచ్చింది. నేను చాలాకాలం ఇక్కడే ఆగిపోయాను. ఫోన్లో 6కి అలారం పెట్టుకున్నాను. అది మోగేసరికి ఒకరోజు మీటింగులో, ఒకరోజు ఫోన్‌లో, ఇంకోరోజు బస్సులో ఉండేవాణ్ని. రెండు వారాలకల్లా తెర వైపు చూడకుండానే నా బొటనవేలు అలారం నొక్కేయడం నేర్చుకుంది. అలవాటైతే పడింది, అది నడక అలవాటు కాదు. గడియారంలో 6 కావడానికీ మీరు నడవగలిగే చోట ఉండడానికీ సంబంధం లేదు. రోజంతా మీ చేతిలో ఉండే ఉద్యోగమైతే టైము పెట్టుకోండి, పనిచేస్తుంది. లేకపోతే టైముకి బదులు ఒక సంఘటన కావాలి.

మూడో చిత్తు: "ఆఫీసు నుంచి రాగానే నడకకి వెళ్తాను."

‘గానే’ దిగింది. కానీ ‘రాగానే’ అంటే ఎప్పుడు? గుమ్మం దాటినప్పుడా, మొహం కడుక్కున్నాకా, కుర్చీలో కూలబడ్డాకా? కుర్చీ గెలిస్తే ఆ రోజుకి అయిపోయినట్టే. వేలు పెట్టి ‘ఇదిగో ఇప్పుడే’ అని చూపించగల క్షణం కావాలి.

నాలుగో చిత్తు: "ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టగానే, బూట్లు విప్పకుండా వెనక్కి తిరిగి, వీధి మలుపు దాకా నడిచి వస్తాను."

ఇది నిలుస్తుంది. బ్యాగు నేలకి తగలడం చేతికి తెలుస్తుంది. మీరు గుర్తుపెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఆ పని జరిగి తీరుతుంది. బూట్లు కాళ్లకే ఉన్నాయి కనుక తయారవ్వాల్సిన పని లేదు. ‘అరగంట’ పోయి ‘మలుపు’ వచ్చింది, దాన్ని కళ్లతో చూడొచ్చు.

మరీ మలుపు దాకానేనా అంటారేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ. ఒకప్పుడు ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుంటేనే లెక్క అనేవారు. 2020 మార్గదర్శకాల్లో ఆ నిబంధన తీసేశారు. చిన్న నడకలూ లెక్కలోకి వస్తాయి. 150కి చేరడం తర్వాతి పాఠాల పని. ఇప్పుడు మనం కడుతున్నది ముడి మాత్రమే.

పదికి ఎంత?

వాక్యం రాశాక ఒక్క ప్రశ్న వేసుకోండి: వచ్చే వారమంతా దీన్ని చెయ్యగలనని నాకు పదికి ఎంత నమ్మకం? ఏడు కంటే తక్కువొస్తే మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, వాక్యాన్ని చిన్నది చెయ్యండి. మలుపు బదులు నాలుగిళ్ల అవతల దాకా. మళ్లీ అడగండి. ఏడు దాటేదాకా తగ్గిస్తూనే ఉండండి.

దీని వెనక ఉన్నది మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన సెల్ఫ్ ఎఫికసీ, అంటే ఈ పని నేను చెయ్యగలనన్న నమ్మకం. తనలాంటి వాళ్లు చేస్తుంటే చూసినా, ఎవరైనా వెన్నుతట్టినా అది పెరుగుతుంది. కానీ అన్నిటికంటే గట్టిగా పెరిగేది స్వయంగా చేసి నెగ్గినప్పుడు. కాబట్టి మొదటి వారం నెగ్గేలా కొలత పెట్టుకోవడం మోసం కాదు, పద్ధతే.

‘తే’ వాక్యం

ఇప్పుడు ఆ కుడి పేజీ తెరవండి. అక్కడున్న అడ్డంకుల్లో వారంలో ఒక్కసారైనా తప్పకుండా ఎదురయ్యేవి రెండే ఎంచుకోండి. ఒక్కోదానికి ఒక్కో ‘తే’ వాక్యం, అంటే ‘ఫలానాది అడ్డొస్తే ఇలా చేస్తాను’ అని.

"వాన పడితే, బ్యాగు పెట్టగానే మెట్లు మూడుసార్లు ఎక్కి దిగుతాను."

చూడండి, ‘బ్యాగు పెట్టగానే’ కదల్లేదు. మార్చింది పనినే. చాలామంది దీన్ని తిరగేస్తారు: వాన పడితే రాత్రి నడుస్తాననుకుంటారు. ముడి అక్కడే తెగుతుంది.

"ఒకరోజు తప్పిపోతే, మర్నాడు సగం దూరమైనా వెళ్లి వస్తాను."

ఇది అందరికీ కావాలి. 2010లో ఫిలిపా లాలీ బృందం 96 మంది కొత్త అలవాటు చేసుకోవడాన్ని 12 వారాలు గమనించింది. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు పడడానికి చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. దెబ్బ తీసేది ఆ మర్నాడు ‘ఇంకేముంది, పోయిందిగా’ అనుకోవడం.

‘తే’తోనే ఒక దొంగ మాట కూడా ఉంది: ‘కుదిరితే’. చూడ్డానికి షరతులా ఉంటుంది, కానీ అది తప్పించుకునే దారి. మీ పేజీలో ఎక్కడ కనిపించినా కొట్టేయండి. ‘వీలున్నప్పుడు’ దాని తోబుట్టువు.

రెండు ‘తే’లకు మించి రాయొద్దు. అడ్డంకికో ప్లాను చొప్పున పది రాసుకుంటే, కష్టం ఎంతుందో జాబితా వేసుకుని చూసుకున్నట్టు అవుతుంది, ఉన్న పట్టుదల జారిపోతుంది.

గుండెజబ్బు ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీలో నొప్పి లేదా తల తిరగడం వచ్చేవాళ్లు డాక్టరుతో మాట్లాడాకే వాక్యం రాయండి.

ఈ వారం పని

ఒక ‘గానే’ వాక్యం, రెండు ‘తే’ వాక్యాలు చేత్తో రాసి, మీ ముడి జరిగే చోటే అంటించండి. బ్యాగు పెట్టే చోటైతే అక్కడి గోడకి. ఫ్రిజ్ మీద వద్దు. కింద రెండు గళ్లు గీయండి. ఆ సంఘటన జరిగిన ప్రతిసారీ మొదటి గడిలో ఒక గీత, వెంటనే పని చేస్తే రెండో గడిలో ఒక గీత. ఏడో రోజు రెండూ లెక్కపెట్టి అలాగే ఉంచండి, ఏదీ సరిదిద్దొద్దు. మొదటి గడిలోనే గీతలు తక్కువుంటే చికిత్స ఒకటి, మొదటిది నిండి రెండోది వెలవెలబోతే చికిత్స ఇంకొకటి. ఆ రెండూ అయిదో పాఠంలో.