పిల్లలతో సాయంత్రం జపమాల: మా ఇంట్లో ఎలా కుదిరిందంటే

జపమాల, అంటే పూసలు లెక్కపెడుతూ మరియమ్మకు మా కతోలికులం చేసుకునే ప్రార్థన, మొదలవగానే చిన్నోడు నిద్రలోకి జారేవాడు, పెద్దమ్మాయి పూసలతో ఆడేది, నేను కసురుకునేదాన్ని. బతిమాలాను, చాక్లెట్ ఆశ చూపాను, ఫోన్‌లో జపమాల పెట్టాను; ఏదీ నిలవలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు వేళ మార్చాను: భోజనాలయ్యాక కాదు, కంచాలు పెట్టకముందే. టీవీ ఆపి, విజయవాడ గుణదల మరియమ్మ గుడి నుంచి తెచ్చుకున్న మరియమ్మ స్వరూపం ముందు పెద్దమ్మాయి చేత కొవ్వొత్తి వెలిగించాను. తర్వాత చిన్నోణ్ణి అడిగాను, ‘ఈరోజు ఎవరి కోసం నాన్నా?’ ‘తాతయ్య మోకాళ్ల కోసం’ అన్నాడు. అప్పుడు ఒక్క దేవరహస్యం, అంటే జపమాలలోని ఐదు భాగాల్లో ఒకటి: పరలోక జపం, 10 మంగళవార్త జపాలు, త్రిత్వ స్తోత్రం. అక్కడితో ఆపేశాను. జపమాలలోని మొత్తం 53 మంగళవార్త జపాలూ పూర్తవ్వాలన్న పట్టుదల వదులుకోవడమే నాకు కష్టమైంది. నెల దాటాక రెండో రహస్యం వాళ్లే అడిగారు.

మా పిల్లలకు 6, 9 ఏళ్లు. ఇంకా పెద్దవాళ్ల దగ్గర ఇది కుదురుతుందో లేదో చెప్పలేను. మా ఆయనకు రాత్రి డ్యూటీ పడిన వారాల్లో ఇప్పటికీ తప్పిపోతూనే ఉంది.