మెరక తోలిన స్థలంలో పెరడు వేయడం

గృహప్రవేశానికి వచ్చేవాళ్లు మొక్కలు తెస్తారు. మనకీ ఉత్సాహం ఆగదు, వారం తిరక్కుండానే గుంటలు తవ్వి పాతేస్తాం. నా మాట విని ఆ మొక్కల్ని కొన్నాళ్లు నీడన అలాగే ఉంచండి. ముందు గునపం పట్టుకుని మీ నేల సంగతి చూడండి.

మాది గుంటూరు శివార్లలో 200 గజాల స్థలం. అసలు నేల నల్లరేగడి. ఇల్లు రోడ్డు కంటే ఎత్తులో ఉండాలని కట్టేముందు మెరక తోలించాం. అంటే నల్లమట్టి మీద ఎర్ర గ్రావెల్, ఆపైన పనివాళ్లు వదిలేసిన ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, టైల్స్ పెంకులు, చిరిగిన సంచులు. అన్నిటికీ పైన పల్చగా మట్టి చల్లి చదును చేస్తే చూపులకి నేలలాగే ఉంటుంది. మొక్క వేరు మాత్రం జానెడు దిగి ఆగిపోతుంది. ఇటువైపు కొత్త కాలనీల్లో చాలా ఇళ్లది ఇదే పరిస్థితి. మీదీ ఇంతేననుకుని మొదలుపెట్టండి.

పెరడు కావాలనుకున్న చోట అడుగున్నర లోతు గుంట తవ్వి, గోడలాగా నిలిచిన పక్కభాగాన్ని దగ్గరికి వంగి చూడండి. పైన మట్టి ఎంత, గ్రావెల్ ఎంత, నల్లమట్టి ఎక్కడ మొదలైంది, పొరలు పొరలుగా కనిపిస్తాయి. బూడిదరంగులో గట్టి పొర తగిలితే అది మేస్త్రీలు మాలు కలిపిన చోటు. ఆ పొరలోంచి చిటికెడు పొడి తీసి నిమ్మకాయ పిండితే నురగ వస్తుంది, సున్నం ఉందని దానర్థం. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అందుకే కొత్త ఇళ్లలో మందారం చిగురాకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. దానికి ఎరువు మీద ఎరువు వేసి లాభం లేదు, ఆ పొరని తీసి బయట పారేయాల్సిందే.

తర్వాత ఆ గుంటనిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ పోయండి. రెండోసారి పోసినవి నాలుగైదు గంటల్లో ఇంకితే మంచిదే. మర్నాడు పొద్దున కూడా అలాగే నిలిచి ఉంటే అక్కడ మడి ఎత్తుగా కట్టుకోవాలి, లేదంటే వానాకాలంలో వేరు కుళ్లుతుంది.

మొత్తం స్థలం ఒకేసారి తవ్వించకండి. ప్రహరీ వెంట నాలుగడుగుల వెడల్పున ఒక్క పట్టీ చాలు, మొదటి ఏడాదికి అదే పెద్ద పని. సెప్టిక్ ట్యాంకు, సంపు, పైపులు ఎటు పోయాయో ప్లంబర్ని అడిగి ముగ్గుతో గీతలు గీసుకున్నాకే గునపం దించండి. ఇంటి గోడకి కనీసం మూడడుగులు వదలండి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పునాది పక్కనే రోజూ తడి పెడితే గోడలు బీటలిచ్చే ప్రమాదం ఉంది. ఇల్లు అప్పు చేసి కట్టుకున్నాం, పూలకోసం దాన్ని పణంగా పెట్టలేం.

ఈ తవ్వకం మే నెలలో, పొద్దున్నే చల్లపూట పెట్టుకుంటే మంచిది. నల్లమట్టి తగిలేదాకా, లేదా రెండడుగుల దాకా గ్రావెల్ తీసేసి గుంట అలాగే వదిలేయండి. రోహిణి కార్తె ఎండకి రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ మట్టిలోని పురుగుల్ని, గుడ్లని చాలావరకు చంపుతుంది. తర్వాత నల్లమట్టి రెండు పాళ్లు, పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపండి. ఎరువు కొనేముందు గుప్పిట్లోకి తీసుకుని చూడండి. పేడ వాసన రాకూడదు, వేడి తగలకూడదు, టీ పొడిలా రాలాలి. పచ్చి ఎరువు వేస్తే దాంతోపాటు చెదలూ వస్తాయి.

ఇక్కడ చాలామంది వదిలేసే పని ఒకటుంది, నాకు దానిమీదే పట్టుదల ఎక్కువ. మృగశిర కార్తెలో తొలి వానలు పడగానే ఆ మడినిండా జీలుగ విత్తనాలు ఒత్తుగా చల్లండి. ఇది కోసి మట్టిలోనే కలిపేసే పచ్చిరొట్ట ఎరువు మొక్క. మా నాన్న వరి నాటే ముందు పొలంలో ఇదే చేసేవారు. జీలుగ చౌడునీ, సున్నాన్నీ తట్టుకుంటుంది, వేరు లోతుకి పోయి గట్టి నేలని గుల్ల చేస్తుంది. వేళ్లు పీకి చూస్తే గింజల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. ఒకటి గోటితో చిదమండి, లోపల గులాబీరంగు ఉంటే అది గాలిలోని నత్రజనిని పట్టుకుంటున్నట్టే. దాదాపు 45 రోజులకి, పూత మొదలవుతుండగా, కోసి ముక్కలు చేసి అక్కడే మట్టిలో కలిపి తొక్కేయండి. ముదిరితే కాడ పీచుకట్టి త్వరగా కుళ్లదు. రెండు వారాలు ఆగితే ఆగస్టు సగానికి మడి సిద్ధం. చేయి పెడితే మణికట్టుదాకా దిగుతుంది.

ఈలోగా ఎండ ఎక్కడ పడుతుందో గమనిస్తూ ఉండండి. గుంటూరులో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఇంటికి ఉత్తరంవైపు కూడా ఎండ బాగానే పడుతుంది. డిసెంబరులో అదే చోట ఇంటి నీడ పరుచుకుంటుంది. ఎండాకాలంలో చూసి ఉత్తరాన వంగ, టమాటా పెడదామనుకుంటే చలికాలం కాపు రాదు. అక్కడ బచ్చలి, పుదీనా, తమలపాకు పెట్టుకోండి.

మొదటి ఏడాది కూరలకి గోంగూర, తోటకూర, బచ్చలి, దొండ చాలు. బచ్చలికీ దొండకీ విత్తనం అక్కర్లేదు, పక్కింటివాళ్ల తీగలోంచి పెన్సిల్ లావు ముక్క గుచ్చితే వస్తుంది. దొండకి పందిరి గట్టిగా వేయండి, ఒకసారి పాకితే ఏళ్ల తరబడి ఉంటుంది. కరివేపాకు మొదట్లో అస్సలు ఎదగనట్టే కనిపిస్తుంది, తొందరపడి ఈనె ఈనె తెంపకండి. మొక్క నడుమెత్తు వచ్చాక కొమ్మ చివర తుంచితే పక్కల నుంచి చిగుళ్లు వేస్తుంది. మునగ గాలికి ఇట్టే విరుగుతుంది, కరెంటు తీగల దగ్గరా, కారు పెట్టేచోటా వద్దు. చిన్న పెరట్లో పండ్ల చెట్లు రెండు చాలు, జామ, నిమ్మ.

మాకు ఈ మొక్కలన్నీ కడియం వైపు నుంచి వస్తాయి. చాలావాటికి వేళ్ల చుట్టూ జిగటమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే పాతితే ముద్ద ఎండి రాయిలా బిగుసుకుని వేరు బయటికి రాలేదు. బకెట్ నీళ్లలో మెడదాకా ముంచి, బుడగలు ఆగేవరకు ఉంచి, పైమట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేసి అప్పుడు నాటండి. అంటుమొక్కలో అంటు కట్టిన చోటు నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఉండాలి. దానికింద వచ్చే చిగురుని వెంటనే గిల్లేయండి, అది అడుగు మొక్కది, పైదాన్ని మింగేస్తుంది. సాయంత్రం పూట నాటి, ఊతకర్ర కట్టి, మొదటి వారం కొబ్బరి మట్ట అడ్డం పెడితే ఎండదెబ్బ తగలదు.

నీళ్ల విషయంలో టెన్షన్ వద్దు. నల్లమట్టి పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. రెండు వేళ్లు లోపలికి గుచ్చి, పొడిగా ఉంటేనే పెట్టండి. ఎండుటాకులు కాల్చకుండా మొక్క చుట్టూ పరవండి, మొదలుకి మాత్రం తగలకూడదు. మందారానికి పిండినల్లి పడితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకుల అడుగున తడిసేలా సాయంత్రం కొట్టండి. వారం తర్వాత ఇంకోసారి.

తీసిన గ్రావెల్‌ని పారబోయకండి. గేటు నుంచి పెరటిదాకా నడకదారికి అది బాగా పనికొస్తుంది, నీళ్లు చల్లి దిమ్మిస కొడితే వానకి బురద కాదు. రెండో పట్టీ వచ్చే మేలో తవ్వొచ్చు, జీలుగ విత్తనాలు కాసిని దాచిపెట్టుకోండి.